ఉప్పుగాలి విస్కీ, హెలెన్ గారి ముక్కు

ముప్పై రెండేళ్ళకే రిటైరయ్యానంటే నవ్వుకుంటారని తెలుసు. కానీ నేను వదిలేసిన పని మళ్ళీ ఎవరూ నా చేతికివ్వరు, ఇచ్చినా నేను చెయ్యను. అలాంటప్పుడు ఆ మాటే సరైనదనిపిస్తుంది.

ఫుడ్ టెక్నాలజీ చదవడానికి ఆక్లండ్ వచ్చిన అమ్మాయిలు ఈమధ్య నాకు మెసేజీలు పెడుతున్నారు. "అక్కా, మీరు విస్కీ వాసన చూసే జాబ్ చేశారంట కదా, ఎలా ట్రై చెయ్యాలి?" అని. ఫోనులో మాట్లాడటం నాకు చేతకాదు. రాయడమైతే వచ్చు. ఎనిమిదేళ్ళ డైరీలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో ఇందులో లేదు, అది మీ కాలేజీవాళ్ళు చెబుతారు. ఆ ఉద్యోగంలో నేను ఏం చేశానో మాత్రం ఉంది.

పని ఏమిటంటే

ఆక్లండ్ శివార్లలో, టకానిని దగ్గర రైలు పట్టాల పక్కన రేకుల షెడ్ల వరుస ఒకటి ఉంటుంది. అందులో రెండు మా కంపెనీవి. స్కాట్లండ్ సముద్రతీరంలో చేసే సింగిల్ మాల్ట్ విస్కీ పద్ధతిలోనే ఇక్కడా చేయాలన్నది మా యజమాని రాస్ పట్టుదల. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీతో, ఒకే బట్టీలో కాచినది. పొగపట్టిన బార్లీని స్కాట్లండ్ నుంచే తెప్పించేవాడు. కాచిన సారాను చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచి, తర్వాత కొన్ని పీపాలను ఒక ట్యాంకులో కలిపి, సీసాల్లో నింపేవారు.

సీసాల్లోకి వెళ్ళే ముందు ప్రతి ట్యాంకునూ ఇద్దరు వాసన చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు హెలెన్. అరవై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. రెండో మనిషిని నేను. ఇక్కడ అందరినీ పేరుతోనే పిలవాలి, నేనూ అలాగే పిలిచేదాన్ని. డైరీలో మాత్రం హెలెన్ గారు అనే రాసుకున్నాను.

ఇది తాగే ఉద్యోగం కాదు. పొద్దున పది నుంచి పన్నెండు లోపు, ఖాళీ కడుపుకీ నిండు కడుపుకీ మధ్య, సెంటు లేకుండా, తలకు నూనె లేకుండా, తెల్ల గోడల గదిలో కూర్చుని వాసన చూడడం, నోట్లో పోసుకుని ఉమ్మేయడం, రాయడం. ఎనిమిదేళ్ళలో నేను మింగింది మొత్తం కలిపినా ఒక గ్లాసు నిండదు. ఆ సంగతి ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ఆ పక్కనే పాపకూర అనే పేటలో నేను గది అద్దెకున్న ఇంటి లక్ష్మీ ఆంటీకి చెప్పడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

"ఏం కంపెనీ అన్నావమ్మా?"

"బాట్లింగ్ ఆంటీ. అందులో క్వాలిటీ చెక్."

"ఏం బాట్లింగు?"

"విస్కీ."

ఆంటీ గరిటె గిన్నెలోనే ఆపేసి నన్ను పైనుంచి కిందకి చూసింది. "సంబంధాలవాళ్ళు అడిగితే క్వాలిటీ దగ్గర ఆగిపో. బాటిల్ దాకా వెళ్ళకు. మా ఆయనకి అసలే చెప్పకు, డిస్కౌంట్ అడుగుతాడు."

గ్లాసు అంచు

మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని వాసన చూస్తే మా నానమ్మ చేతి మీద కొట్టేది, కుక్కలా ఆ పనేంటని. అలా పెరిగినదాన్ని వాసన చూసి జీతం తీసుకోవాల్సి వచ్చింది. మొదటి రోజు హెలెన్ గ్లాసు చేతికిచ్చి రుచి చూడమంది. నేను తల వెనక్కి వంచి, గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా ఎత్తిపోసుకున్నాను. మంచినీళ్ళు తాగినట్టే. దగ్గొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మంలో నిలబడ్డ రాస్ పగలబడి నవ్వాడు. "ఏంటిది, సర్కస్సా? ఇంకోసారి చెయ్యి, వీడియో తీస్తాను."

హెలెన్ నవ్వలేదు. అతను వెళ్ళేదాకా ఆగి, ఎందుకలా తాగానని అడిగింది. ఎంగిలి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

"అర్థమైంది," అంది. "కానీ పైనుంచి పోసుకుంటే నీకు దొరికేది మంట ఒక్కటే. అంచు నీ కింది పెదవి మీద ఆనాలి, ముక్కు లోపలికి వెళ్ళాలి. ఈ గ్లాసు నీది. ఇంకెవరూ ముట్టుకోరు."

మర్నాటికి ఒక గ్లాసు అడుగున నా పేరు రాసిన చీటీ అంటించి ఉంది. ఆ తర్వాత నెల రోజులు ఆవిడ నాకు విస్కీ చూపించలేదు. నిమ్మతొక్క, తడిసిన ఉన్ని, తారు పూసిన తాడు, కట్టు కట్టే గుడ్డ, ఆల్చిప్పలు, కాల్చి ఆర్పిన అగ్గిపుల్ల, ఇవే. పుస్తకాలు చదివి నేర్చుకున్నదంతా నాకు ఆ నెలలో పక్కన పెట్టాల్సి వచ్చింది.

తీరపు మాల్ట్ అంటే

మా గదిలో ఒక అలమరా నిండా స్కాట్లండ్ తీరపు సీసాలు ఉండేవి. మా సరుకును వాటి పక్కన పెట్టి చూసేవాళ్ళం. ఆ వాసనను ఎవరైనా మొదటిసారి చూస్తే ఆస్పత్రి అంటారు. తప్పేం కాదు. ముందు తగిలేది టింక్చర్ అయోడిన్, దాని మీద చుట్టిన గాజుగుడ్డ. దాని వెనక పొగ. కట్టెల పొగ కాదు, పీట్ అని చిత్తడినేలలో పేరుకున్న నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాల్చే పొగ. మొలకెత్తిన బార్లీని ఆ పొగలోనే ఆరబెడతారు. ఆ తర్వాత ఎండిన నాచు, పడవ అడుగు, తాడు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ముక్కు ముడుచుకుంటారు. గ్లాసు మీద మూత పెట్టి కొంచెంసేపు వదిలేసి మళ్ళీ చూడాలి. అప్పుడు అడుగు నుంచి తీపి లేస్తుంది. నిమ్మ, తేనె, మీగడ, జావ. మంచి తీరపు మాల్ట్‌లో ఆ తీపికీ ఆ పొగకీ మధ్య తగువు చివరిదాకా తెగదు. ఉమ్మేశాక నాలుక మీద మిరియం ఘాటు, చల్లారిన బూడిద, ఉప్పదనం మిగులుతాయి. పొగ లేకుండా ఆ ఉప్పదనం ఒక్కటే ఉండే రకాలూ ఉన్నాయి. నాకు అవే ఎక్కువ ఇష్టం.

ఆ ఉప్పు అందులో లేదు. ఉప్పని అనిపించడం వేరు, ఉప్పు ఉండటం వేరు. పులుపు, పొగ, ఆరిన నాలుక కలిసి మనల్ని అలా నమ్మిస్తాయి. సముద్రపు గాలి పీపా చెక్కలోంచి లోపలికి దూరుతుందని రాస్ చూడటానికి వచ్చినవాళ్ళకి చెబుతుంటే నేను నేలచూపులు చూసేదాన్ని. మా షెడ్లలోకి దూరిన గాలి మోటార్‌వే మీది. మాకు దగ్గర్లో ఉన్న సముద్రం కూడా మడచెట్ల బురదలోకి వచ్చిపోయే పాయ మాత్రమే. తీరాన కాచి, లోపలెక్కడో దూరపు గోదాముల్లో నిలవ ఉంచే సరుకు స్కాట్లండ్‌లోనూ ఉందని హెలెన్ చెప్పేది. "అది మోసం కాదు," అనేది. "దాని గురించి రాసే లేబుల్ మోసం."

లేబుల్ రాసేది నేనే.

ఒకసారి ఒక పీపా గురించి, నీళ్ళు చల్లిన పొయ్యి బూడిద, ఎండు రొయ్యల బుట్ట, తడిసిన గోనె అని రాసిచ్చాను. రాస్ రెండుసార్లు చదివాడు. "భలే ఉంది. కానీ ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు. సీసా మీద చివరికి వచ్చింది కొండవాలు మీద హెదర్ పూలు, తీరాన చలిమంట. హెదర్ పువ్వును నేను ఎప్పుడూ చూడలేదు. కొనేవాళ్ళలో సగంమంది చూసి ఉండరు. పాపకూర లైబ్రరీలో స్కాట్లండ్ గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివి, ఆరు నెలల్లో ఆ భాష అతనికంటే బాగా రాయడం నేర్చుకున్నాను. గర్వంగా చెప్పడం లేదు.

రాస్ నన్ను అందరికీ "మా సీ గర్ల్" అని పరిచయం చేసేవాడు. "ఇండియాలో బీచ్ పక్కనే పుట్టింది. సముద్రం ఆ అమ్మాయి ముక్కులోనే ఉంది." చీరాల దగ్గర మా ఊరికి సముద్రం నడిచిపోయేంత దూరం, అంతవరకు నిజం. ఆ పిలుపు నాకు నచ్చింది. నలుగురిలో నోరు తెరవలేనివాళ్ళకి పొగడ్త అక్కర్లేదని జనం అనుకుంటారు. మాకే ఎక్కువ కావాలి.

ఏడో ట్యాంకు

మీరు ఈ పనిలోకి వచ్చేవాళ్ళయితే మిగతాది వదిలేసినా ఇది చదవండి.

పదకొండు పీపాలు కలిపిన ట్యాంకు అది. అప్పటిదాకా కంపెనీ చేసిన వాటిలో అదే పెద్దది. ఆ పొద్దున హెలెన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దించేసింది.

"ప్లాస్టిక్," అంది. "ట్యాంకుకి కొత్త గొట్టం తగిలించారా?"

తగిలించారని తేలింది. ముందురోజంతా సరుకు ఆ గొట్టంలో నిలవ ఉండిపోయింది కూడా. నేను చూశాను. నాకు అయోడిన్ వచ్చింది, పొగ వచ్చింది, నిమ్మ వచ్చింది. ప్లాస్టిక్ రాలేదు.

"మళ్ళీ చూడు," అంది హెలెన్. "తొందర లేదు. చివర్లో, పొగ తగ్గాక."

మూడుసార్లు చూశాను. చివర్లో నాకు తగిలింది చాలా శుభ్రంగా, చల్లగా ఉంది. పుస్తకంలో అదే రాశాను. "ముగింపు: మంచినీళ్ళంత శుభ్రం." హెలెన్ వద్దని రాసింది, నేను సరేనని రాశాను. ఒకరు అవును, ఒకరు కాదు అంటే వారం ఆగి మూడో మనిషి చేత వాసన చూపించాలని మా పద్ధతి. రాస్ అప్పుడే చేతిలో కాఫీతో లోపలికి వచ్చాడు.

"నేనే మూడోవాణ్ణి," అని కాఫీ తాగిన నోటితోనే వాసన చూశాడు. "ఇది సముద్రం కదా! కొత్త తాడు, పడవ. కోస్టల్ అంటే ఇదే."

"రాస్, అది గొట్టం," అంది హెలెన్. "వారం ఆగు. బయటివాళ్ళ చేత చూపించు."

"నీ పక్కన కూర్చున్న అమ్మాయికి రావడం లేదే? తన ముక్కు వయసెంత, నీ ముక్కు వయసెంత?" నవ్వుతూనే అన్నాడు. "ఏమనుకోకు హెలెన్, మా అమ్మకీ ఇలాగే అయింది. ముందు లేని వాసనలు వచ్చేవి, తర్వాత ఉన్నవి పోయాయి."

హెలెన్ నా వైపు చూసింది. ఆవిడ ముక్కు తప్పిన రోజు నా డైరీల్లో ఒక్కటి కూడా లేదని నాకు తెలుసు. నాకు రాకపోయినంత మాత్రాన అది లేదని కాదు, ఆవిడ చెప్పినట్టు వారం ఆగుదాం అని అంటే సరిపోయేది. అంత పొడుగు వాక్యం ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య అనడానికి నాకు నోరు రాలేదు. కలం మూత తీసి, పెట్టి, తీసి కూర్చున్నాను. తప్పు వాసన చూడటం పొరపాటు. ఆ మౌనాన్ని పొరపాటు అనలేను.

ఇద్దరు సరే, ఒకరు వద్దు. సరుకు సీసాల్లోకి వెళ్ళింది. ఆ నెలాఖరుకి హెలెన్‌ని ఇంక విశ్రాంతి తీసుకోమన్నారు. కేకు కోశారు. రాస్ ఆవిడ భుజం మీద చెయ్యేసి, ఆ ముక్కు ఈ కంపెనీకి చాలా సేవ చేసిందని, చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆవిడ కుర్చీ నాకిచ్చారు.

నీళ్ళు ఆగిన రోజు

ఆరు నెలలకి మా వీధిలో పైపుల పని ఉందని, ఒక రోజు నీళ్ళు రావని కౌన్సిల్ చీటీ వచ్చింది. ఒక రోజే. లక్ష్మీ ఆంటీ ఆ మాట నమ్మలేదు. కొత్త ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు కొనుక్కొచ్చి, నిండా పట్టి, ఇంటి వెనక చెక్క అరుగు మీద ఎండలో వరసగా పెట్టింది. మర్నాడు సాయంత్రం పని నుంచి రాగానే గ్లాసు ముంచి నా చేతికిచ్చింది.

తాగాను. ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ దేశంలో నీళ్ళు ఇంత రుచిగా లేవనిపించింది. మా ఊళ్ళో బావులన్నీ ఉప్పు తిరిగిపోయాయి. సముద్రం దగ్గర కదా. తాగే నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, వీధిలో అందరూ ప్లాస్టిక్ బిందెలతో, డ్రమ్ములతో పట్టుకునేవాళ్ళం. ఎండలో కాగి, రాత్రికి చల్లారి, పొద్దున్నే తాగే ఆ నీళ్ళే నాకు నీళ్ళు.

గ్లాసు మళ్ళీ నోటి దగ్గరికి తీసుకుని ఆగిపోయాను.

"ఆంటీ, దీనికి వాసన ఉందా?"

"నీళ్ళకి వాసనేంటమ్మా?"

"ఒకసారి చూడండి."

ఆంటీ ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. "ఏం లేదు. నీళ్ళ వాసనే."

నీళ్ళ వాసనే. నేను పుస్తకంలో రాసిందీ అదే.

మర్నాడు డ్రమ్ము నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళి, ఏడో ట్యాంకు నుంచి దాచిన నమూనా పక్కన పెట్టాను. ఒకటి చూసి ఇంకొకటి, మళ్ళీ మొదటిది. మధ్యాహ్నానికి నాకు ప్లాస్టిక్ దొరికింది. దొరికాక ఇంకేదీ రాలేదు. పొగలో, నిమ్మలో, అన్నిటినీ కప్పేసి అదే ఉంది. పుట్టినప్పటి నుంచీ పీల్చినదాన్ని ముక్కు వాసనగా లెక్కపెట్టదు. ఇది మీకెవరూ నేర్పరు. మీ ఇంటి నీళ్ళు, మీ ఇంటి నూనె, మీ దిండు గలీబు ఎవరైనా పరాయివాళ్ళ చేత వాసన చూపించి, వాళ్ళు ఏమంటారో రాసుకోండి. ఆ చిట్టాలో ఉన్న వాసనల విషయంలో మీరు ఒక్కరే సంతకం పెట్టకూడదు.

రాస్ గదికి వెళ్ళి చెప్పాను. ఎనిమిదేళ్ళలో అతను పిలవకుండా నేను వెళ్ళడం అదే మొదలు.

"హెలెన్ చెప్పింది నిజం. తప్పు నాది."

"ల్యాబ్ రిపోర్టులో అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి కదా," అన్నాడు తల ఎత్తకుండా. "ఎవరికీ ఏమీ కాలేదు. పైగా ఆ బ్యాచ్ మొత్తం అమ్ముడుపోయింది. జనానికి తెగ నచ్చింది. నిన్ననే ఒకాయన అడిగాడు, ఆ సముద్రపు వాసన మళ్ళీ ఎప్పుడొస్తుందని." అప్పుడు తల ఎత్తాడు. "వస్తుందా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. "హెలెన్‌కి ఒక ఉత్తరం రాయండి," అన్నాను. "ఆవిడ చెప్పిందే సరి అని. రెండు లైన్లు చాలు."

"యా, నా," అన్నాడు. అవును అన్నట్టే మొదలుపెట్టి కాదనడం ఇక్కడి పద్ధతి. "ఉత్తరం అంటే అది కాగితం మీద ఉంటుంది కదా. అయినా ఆవిడ ఎలాగూ వెళ్ళేదే."

మా గదికి వచ్చి సంతకాల పుస్తకం తెరిచి, ఏడో ట్యాంకు పేజీలో నా సంతకం కొట్టేసి, పక్కన "ప్లాస్టిక్ ఉంది, హెలెన్ సరిగ్గా చెప్పారు" అని తేదీ వేసి రాశాను. రాజీనామా మెయిల్ ఇంటికి వచ్చే రైల్లో పంపాను. ఆ పేజీ ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు.

మౌంట్ ఆల్బర్ట్

ఆ శనివారం మధ్యాహ్నం మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్న హెలెన్ ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో డైరీలో నాలుగుసార్లు రాసుకున్నాను. ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి, వంటగదిలో కుర్చీ చూపించింది. చిక్కిపోయింది. నేను రాసుకున్నదంతా ఆగకుండా చెప్పాను. గొట్టం, డ్రమ్ములు, మా ఊరి నీళ్ళు, రాస్ అన్నది. ఆ రోజు నేను నోరు విప్పకపోవడం కూడా.

ఆవిడ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ ముక్కుకి తెలియలేదు. అది అర్థమవుతుంది," అంది. "కానీ నా ముక్కు సంగతి నీకు తెలుసు కదా. నాకంటే బాగా తెలుసు, రోజూ రాసుకునేదానివి."

"తెలుసు."

"నేను ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. వాళ్ళ మాట నమ్మలేదు. నీకు రాలేదు కాబట్టి. నాకు తెలిసిన ముక్కుల్లో మంచిది నీదే, అది లేదంది కాబట్టి." బల్ల మీద లేని చెత్తను అరచేత్తో తుడిచింది. "ఆరు నెలలుగా పాలు విరిగాయో లేదో మా అమ్మాయికి ఫోన్ చేసి రప్పించి అడుగుతున్నాను. తెలుసా? పాలు."

నేను సారీ అన్నాను. ఆ మాట ఆ వంటగదిలో ఎక్కడా ఆనలేదు.

"రాస్‌కి చెప్పావు, పుస్తకంలో రాశావు. మంచిదే," అంది. "నాకు కావాల్సింది ఆ గదిలో, ఆ రోజు."

లేచి ఫ్రిజ్ తెరిచింది. పాల సీసా తీసి, మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పని చేసేటప్పుడు ఎలా మూసుకునేదో అలాగే, కనుబొమల మధ్య ఆ సన్నటి గీతతో. ఆవిడ నన్ను చూడమని అడగలేదు.

"బాగానే ఉన్నాయి," అంది తనతోనే.

కెటిల్ పెట్టింది. నీళ్ళు మరిగాక అలమరాలోంచి కప్పు తీసి, టీ పోసి, ఆ పాలు కలుపుకుంది. ఒక్క కప్పే. నా వైపు వీపు పెట్టి, కిటికీ దగ్గర నిలబడి తాగడం మొదలుపెట్టింది. నేను కుర్చీ చప్పుడు కాకుండా లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.